గోడ పక్క కుర్చీ

శుక్రవారం

సంఘం ఆఫీసువారికి,

పేము కుర్చీలు అల్లేవాడు నమస్కరించి రాస్తున్నది ఏమనగా, నిన్న నా డబ్బాలో మీ కార్డు ఒకటి పడి ఉంది. "గురువారం ఇంటి కూడికకు మీరు తప్పకుండా వస్తున్నందుకు అందరికీ సంతోషంగా ఉంది. పోయినవారం మీరు కాస్త దిగులుగా ఉన్నట్టు అనిపించింది. మోకాలికి కాపడం పెట్టుకోండి" అని అందులో రాసి ఉంది. కింద జవాబు రాయవలసిన అడ్రసు మీ ఆఫీసుది.

అటూ ఇటూ తిప్పి చూశాను. నా ఇంటి నంబరే. "కుర్చీలాయన గారికి" అని కూడా ఉంది. ఈ వీధిలో కుర్చీలాయన నేనొక్కణ్ణే.

అయ్యా, నేను ఏ కూడికకూ రాలేదు. మీ సంఘం ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలియదు. నేను ఇల్లు కదిలి వెళ్ళేది పేము కట్ట కొనడానికి, అది కూడా తప్పనిసరైతేనే. నా గుమ్మం మీద బోర్డు ఉంది. "తలుపు తట్టకూడదు. కుర్చీ ఇక్కడ పెట్టి, సంగతి కాగితం మీద రాసి డబ్బాలో వేయండి. పనయ్యాక కుర్చీ బయట ఉంటుంది." ఇన్నేళ్ళుగా అలాగే జరుగుతోంది. కుర్చీలు వస్తాయి, పోతాయి. మనుషుల్ని చూడవలసిన పని లేదు.

కాబట్టి మీరు ఎవరినో చూసి నేననుకుంటున్నారు. దయచేసి పేరు సరిచేసుకోగలరు.

మోకాలి నొప్పి మాత్రం నిజమే. అది మీకెలా తెలిసిందో రాయండి. ఈ వయసువాళ్ళకు మోకాళ్ళు నొప్పిగానే ఉంటాయని ఊరికే ఒక రాయి వేశారా?

ఇట్లు,
కుర్చీలు అల్లేవాడు

తా.క.: కాపడం పెట్టాను. కొంత తగ్గింది. అంతమాత్రాన నేను మీ సభ్యుణ్ణని అనుకోవద్దు.


సోమవారం

అన్నగారికి,

కూడిక నడిపే చెల్లెలి వందనాలు. మీ ఉత్తరం ఆఫీసువాళ్ళు నా అరలో పెట్టారు. మోకాలు తగ్గిందన్న మాట చదివి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మిగతాదంతా తర్వాత చదివాను.

మీరు రాలేదని రాశారు. మీ బిడియం మాకు తెలుసు. మొదట్లో అందరూ అలాగే అంటారు. మా బస్సు డ్రైవరన్న మూడు నెలలు వచ్చి కూడా, "నేను మా ఆవిడని దింపడానికి వచ్చాను, అంతే" అనేవాడు. ఆయనకు పెళ్ళి కాలేదని తర్వాత తెలిసింది.

మాది పెద్ద సభ కాదన్నా. సంఘం పెద్దది. ఆదివారం వెళితే వెనక వరసలో మనిషికి ముందు వరసలో మనిషి ఎవరో తెలియదు. అందుకే చిన్న చిన్న గుంపులుగా విడదీసి, వారానికొక సాయంత్రం కూర్చోమన్నారు. ఒక పాట పాడతాం. ఒక భాగం చదువుతాం. తర్వాత ఒక్కొక్కరూ వారం ఎలా గడిచిందో చెప్పుకుంటారు. చెప్పలేనివాళ్ళు ఊరుకుంటారు. చివర ఒకరి కోసం ఒకరం ప్రార్థన చేస్తాం. నర్సమ్మ గబగబా చేస్తుంది, డ్యూటీకి టైమవుతుందని. పూలకొట్టు ముసలమ్మ మొదలుపెడితే ఆపదు. కాలేజీ అమ్మాయికి మధ్యలో నవ్వు వస్తుంది.

మీరు గోడ పక్కన ఉంటారు. మీ కుర్చీ అక్కడే వేశాం. మీరు మాట్లాడరు. ఎందుకు మాట్లాడరని ఎవరూ అడగరు.

ఒక సంగతి మాత్రం మీకు తెలియాలి. ముగ్గురికి తక్కువైన గుంపులను మూసేయాలని సంఘం పెద్దలు నిర్ణయించారు. ఈ నెల ఆఖరి గురువారం వచ్చి చూస్తారట. మీరు రానని రాసిస్తే మా గది తాళం వాళ్ళకు ఇచ్చేయవలసి వస్తుంది. నేను గురువారం సాయంత్రం కోసమే మిగిలిన ఆరు రోజులూ గడుపుతాను. ఇంతకంటే వివరంగా రాయడం నాకు చేతకాదు.

ప్రార్థనలో మిమ్మల్ని మరవని,
చెల్లెలు

తా.క.: పోయినవారం ప్రార్థన మధ్యలో మీరు ఎవరినో "దరిద్రపు ముండాకొడుకా" అన్నారు. ముసలమ్మ కోసం చెబుతున్నాను, కొంచెం మెల్లగా అనండి.


బుధవారం

అమ్మా,

మీ ఉత్తరం చదివాక రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. సంగతి నాకు అర్థమయింది. ఎవడో ఒకడు నా పేరు చెప్పుకుని మీ దగ్గరికి వస్తున్నాడు. నాలాగే కుర్చీలు అల్లుతానని చెప్పుకుంటున్నాడు. మోకాలు నొప్పి కూడా నటిస్తున్నాడు. అలాంటివాడు ఊరికే రాడు. మీ గదిలో సామాను సరిచూసుకోండి.

అయితే ఆ తిట్టును రెండుసార్లు చదివాను. ఆ మాట నాదే. పాత పేము ముక్క కన్నంలో ఇరుక్కుని ఎంతకీ ఊడి రాకపోతే దాన్ని అలా తిడతాను. నేను తిట్టడం విన్నవాళ్ళు ఎవరూ లేరు. నా ఎదుట ఇంతవరకూ కుర్చీలు తప్ప ఎవరూ కూర్చోలేదు. మరి వాడు ఎక్కడ నేర్చుకున్నాడు?

వాడు ఎలా ఉంటాడో రాయండి. ఎత్తు, రంగు, మీసం ఉందా లేదా. నాకు మీసం లేదు.

మీరు ప్రార్థన మనుషులు కాబట్టి ఇంకో సంగతి అడుగుతున్నాను. మా అక్కకు రాసి పొరపాటు చేశాను, ఇంకెవరికీ చెప్పలేదు. నేను పని చేసుకునే గదికి వెనక గోడ ఉంది. దాని అవతల ఏదో గోదాము, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉందని ఇంటివాడు చెప్పాడు. దాని ముఖం ఎటువైపు ఉందో నాకు తెలియదు, పిండిమర చుట్టూ తిరిగి వెళ్ళాలంటాడు. ఆ గోడలోంచి కొన్ని సాయంత్రాలు మాటలు వినిపిస్తున్నాయి. ఒక ఆడగొంతు గబగబా మాట్లాడుతుంది. తర్వాత బొంగురు గొంతు. తర్వాత వణికే గొంతు, చాలాసేపు. మధ్యలో ఒక చిన్నపిల్ల నవ్వు. అందరూ కలిసి పాడితే అడుగున ఇంకో మగగొంతు ఉంటుంది, చాలా లోతుగా. అది చెవికంటే ముందు గోడకు ఆనించిన కుర్చీ కాలికి తెలుస్తుంది. చెయ్యి పెడితే సన్నగా అదురుతుంది.

మా అక్క ఏమందంటే, గోడలు మాట్లాడుతున్నాయంటే ఇక నువ్వు ఒంటరిగా ఉండే వేళ అయిపోయింది, నెలాఖరుకు వచ్చి నిన్ను మా ఇంటికి తీసుకుపోతాను, ఆ సుత్తీ పేమూ ఎవరికైనా ఇచ్చేయి అని. ఆమె అన్నదంటే చేస్తుంది. వాళ్ళింట్లో అన్నీ ప్లాస్టిక్ కుర్చీలు.

కాబట్టి నాకు మతి ఉందో లేదో తేల్చుకోవాలి. మీ దగ్గరికి వచ్చేవాణ్ణి పట్టుకుంటే సగం తేలుతుంది.

ఇట్లు,
అసలు కుర్చీలాయన

తా.క.: మీ దగ్గర టీ ఇస్తారా? ఇస్తే ఎన్ని చెంచాల చక్కెర? నా పేరు మీద తాగుతున్నాడు కాబట్టి అడిగే హక్కు నాకుందనుకుంటాను.


శనివారం

అన్నగారికి,

చెల్లెలి వందనాలు. ఈ ఉత్తరం రెండుసార్లు చించేసి మూడోసారి రాస్తున్నాను.

మనిషి ఎలా ఉంటాడని అడిగారు. చూడలేదన్నా. చూశానని అబద్ధం చెప్పలేను. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటాం కదా. కానీ వినడం బాగా వచ్చు నాకు. టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాను. ముఖాలు తెలియకుండానే గొంతులతో కాపురం చేశాను. మనిషి "హలో" అనక ముందు పీల్చే ఊపిరిని బట్టి, చావు కబురో పెళ్ళి కబురో చెప్పేదాన్ని.

మీకు పొడి దగ్గు. దగ్గి, ఆగి, ఒకసారి గొంతు సవరించుకుని, మళ్ళీ ఏమీ అనకుండా ఊరుకుంటారు. లేచేటప్పుడు మోకాలిని పేరు పెట్టి పిలిచినట్టు "మోకాలా" అంటారు. మేం పాడితే రెండో చరణం నుంచి కూనిరాగం కలుపుతారు. పాట ఆగగానే దొంగ దొరికినట్టు ఆపేస్తారు. "ఎవరికైనా ఏదైనా బరువుగా ఉందా" అని నేను అడిగితే రెండు దెబ్బలు కొడతారు. నేను "విన్నాం" అంటాను. అప్పుడు మీరు చాలాసేపు కొట్టరు. ఆ సేపటిలో నేను మీ కోసం ప్రార్థన చేస్తాను.

మీరు మీసం లేదని రాశారు. ఉందనుకున్నాను. అందరం అలాగే అనుకున్నాం.

గోడలో గొంతుల గురించి భయపడకండి. అవి మీకు చెడు చేసేవి కావు. దీని గురించి ఇప్పుడు ఇంతకంటే రాయలేను. ఎందుకు రాయలేనో రాస్తే నా మీద మీకున్న కాస్త గౌరవమూ పోతుంది.

మీ కుర్చీ సీటు కుంగిపోయింది. ఎప్పట్నుంచో తెలియదు, మొన్న దులుపుతుంటే చూశాను. తోపుడుబండి అబ్బాయితో మీ గుమ్మం ముందు పెట్టిస్తున్నాను. మీ కుర్చీని మీరే బాగుచేసుకుంటే బాగుంటుంది.

ప్రార్థనలో,
చెల్లెలు

తా.క.: టీ ఇస్తాం. మీకు రెండు చెంచాలు. గ్లాసు మీ కుర్చీ పక్కన పెడతాం. మీరెప్పుడూ తాగకుండా చల్లారబెట్టి వదిలేస్తారు. టీ బాగోలేదేమోనని ఈమధ్య అల్లం వేస్తున్నాను.


శుక్రవారం

అమ్మా,

మీరు రాసిన మనిషి నేనే.

దగ్గు నాది. దెబ్బలు నా చెక్కసుత్తివి, పేము బిగించే చీల మీద రెండే వేస్తాను. కూనిరాగం నాది. మోకాలిని అలాగే పిలుస్తాను, దానికి నాకూ చాలాకాలంగా పడదు. రెండు చెంచాల చక్కెర కూడా నాదే. ఇంత తెలిశాక నాకు రెండే దారులు కనిపించాయి. నాకు తెలియకుండా నేనే లేచి మీ దగ్గరికి వస్తున్నానా? లేక నాలోంచి ఏదో ఒకటి బయటికి వెళ్ళి మీ దగ్గర కూర్చుని, నా పని పూర్తయ్యేసరికి తిరిగొస్తోందా? రెండోది అక్కకు రాయలేదు.

నిన్న గురువారం. పరీక్ష పెట్టాను. గుమ్మం నిండా పేము పొట్టు సన్నగా చల్లాను. పిల్లి నడిచినా జాడ తెలుస్తుంది. తర్వాత వెనక గోడకు కుర్చీ ఆనించి పనిలో కూర్చున్నాను. పొద్దు వాలాక గోడలో గొంతులు మొదలయ్యాయి. గబగబా గొంతు, బొంగురు గొంతు, ముసలి గొంతు. ఆ తర్వాత పాట. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. పాట అడుగున ఆ లోతు గొంతు మాత్రం ఉంది. అంతలో ఒక ఆవిడ స్పష్టంగా అడిగింది, "ఎవరికైనా ఏదైనా బరువుగా ఉందా" అని.

మీ ఉత్తరంలో ఉన్న మాటే. నా చేతిలో చెక్కసుత్తి జారి గోడకు తగిలి, అక్కణ్ణుంచి నేలమీద పడింది. రెండు దెబ్బలు.

గోడ "విన్నాం" అంది.

లేచి చూస్తే గుమ్మంలో పొట్టు చల్లినట్టే ఉంది. అంటే నేను బయటికి వెళ్ళలేదు. ఇంతవరకూ మంచిదే. కానీ ఇంట్లో ఉండి ఇది విన్నవాడి పరిస్థితి ఏమిటో మీరే చెప్పండి.

మీ కుర్చీ చేరింది. మీరు నాది అంటున్నారు గానీ ఇది నా కుర్చీ కాదు. నేను ఎండుపుల్లలా ఉంటాను, నా కింద పేము కుంగదు. దీని మీద కూర్చునేది బరువైన మనిషి. ఒకసారి కూర్చుంటే మళ్ళీ కదలని మనిషి. సీటు నడుమ మాత్రమే కుంగింది, అంచులు అల్లిన రోజులాగే ఉన్నాయి. లేచేటప్పుడు కుర్చీ చేతుల మీద బరువు వేస్తే అక్కడ రంగు పోతుంది. దీనికి పోలేదు. అంటే కూర్చున్నాడు గానీ ఎన్నడూ లేవలేదు. నేను ఇలాంటి కుర్చీ ఇంతవరకూ చూడలేదు. రాత్రి దీన్ని పని గదిలో పెట్టుకోలేక వసారాలో పెట్టాను. తర్వాత వర్షం వస్తుందేమోనని లోపలికి తెచ్చాను. తర్వాత మళ్ళీ వసారాలో పెట్టాను.

వచ్చే గురువారం మీ పెద్దలు వచ్చే రోజే మా అక్క కూడా వస్తోంది. ఆమె వచ్చేలోగా నేను మీ దగ్గరికి వచ్చి ఆ కుర్చీలో ఎవరున్నారో చూడాలి. దారి రాయండి.

ఒక మాట. నాకు నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాను. ఎదుటివాళ్ళు జాలిపడి మిగతా మాట వాళ్ళే పూర్తి చేస్తారు, అది ఎప్పుడూ నేను చెప్పదలచుకున్న మాట కాదు. ఒకావిడ నా చేత మూడు కుర్చీలకు బదులు మంచం ఒప్పించింది. అందుకే ఆ బోర్డు. పాడితే మాత్రం నత్తి ఉండదు. కానీ పాడుతూ బేరం చేసేవాణ్ణి ఎవరు నమ్ముతారు? వచ్చినప్పుడు నన్ను మాట్లాడమని అడగవద్దు.

ఇట్లు,
నేనే అయి ఉండవచ్చు

తా.క.: అల్లం వద్దు.


ఆదివారం

అన్నగారికి,

వందనాలు. దారి రాయమన్నారు. మీ ఇంట్లోంచి బయటికి వచ్చి, పిండిమర దగ్గర ఒక మలుపు తిరిగి, వెంటనే ఇంకో మలుపు తిరిగి, నీలం తలుపున్న గది ముందు ఆగండి. అక్కడి వెనక గోడే మీ వెనక గోడ. మీరు ఇంతకాలం మాకు జానెడు దూరంలో ఉన్నారు.

అది గోదామే. సంఘంవాళ్ళు అద్దెకు తీసుకుని మాకు ఇచ్చారు. గురువారం సాయంత్రం మాత్రమే తీస్తాం. తీస్తాను.

ఇక్కడి నుంచి నిజం రాస్తున్నాను. మేం లేమన్నా. నేనొక్కదాన్నే.

నర్సమ్మకు బదిలీ అయింది. డ్రైవరన్నకు నిజంగానే పెళ్ళయి అత్తగారి ఊరు చేరాడు. కాలేజీ అమ్మాయి చదువు అయిపోయింది. పూలకొట్టు ముసలమ్మ చనిపోయింది. ఒక్కొక్కరూ వెళ్ళినప్పుడు వాళ్ళ కుర్చీ తీయలేదు. మొదటి గురువారం ఒక్కదాన్నే కూర్చుని పాట ఎత్తుకుంటే గది నన్ను చూసి నవ్వినట్టయింది. అప్పుడు నర్సమ్మ కుర్చీలో కూర్చుని నర్సమ్మలా ప్రార్థన చేశాను. తర్వాత డ్రైవరన్న కుర్చీ. తర్వాత ముసలమ్మది. గొంతులు పట్టడం నాకు ఆఫీసు నుంచీ అలవాటే. అలా ఒక్కో కుర్చీ మారుతూ అందరి వారమూ చెప్పేదాన్ని. పిచ్చిదాన్ని అనుకోండి, నేనూ అనుకున్నాను.

ఒక సాయంత్రం, "ఎవరికైనా బరువుగా ఉందా" అని అలవాటుగా అడిగాను. గోడ అవతల నుంచి రెండు దెబ్బలు వినిపించాయి.

ఆ రాత్రి నేను హాయిగా పడుకున్నాను. మర్నాడు మీ వీధికి వచ్చి మీ బోర్డు చూశాను. తట్టకూడదని ఉంది, రాయమని ఉంది. రాశాను. మీరు కావాలనే గోడ దగ్గరికి వచ్చి కూర్చుంటున్నారని, బిడియం వల్ల పైకి ఒప్పుకోవడం లేదని అనుకున్నాను. అనుకోవడం నాకు అవసరమైంది. మీ మతి చెడలేదు. నావల్ల మీకు ఆ భయం కలిగింది, క్షమించండి.

హాజరులో ప్రతివారం ముగ్గురని రాస్తూ వచ్చాను. నేను, మీరు, మూడోవారిగా ఒకసారి నర్సమ్మ, ఒకసారి డ్రైవరన్న. పెద్దలు వచ్చినప్పుడు ఇదంతా చెప్పి తాళం ఇచ్చేస్తాను. మీ పేరు తీసేస్తాను.

కుర్చీ సంగతి నాకూ తెలియదు. మిగతా అన్ని కుర్చీల్లో కూర్చున్నాను గానీ దానిలో ఎన్నడూ కూర్చోలేదు, అది మీది కాబట్టి. గోడ చెమ్మకు కుంగిందేమో. దాన్ని మీరే ఉంచుకోండి.

ఇంతకాలం దగ్గినందుకు కృతజ్ఞతలతో,
చెల్లెలు

తా.క.: ముసలమ్మ గొంతుతో మీ కోసం చేసిన ప్రార్థనలు కూడా నావే. అవి కొంచెం ఎక్కువ పొడుగయ్యాయి. ఆవిడ కుర్చీలో కూర్చుంటే నాకు ఆపడం రాదు.


శనివారం

చెల్లెమ్మకు,

అన్న ఆశీస్సులు. గోడ అవతల ఉండి ఉత్తరమేమిటనుకోవద్దు. ఇది నోటితో చెప్పబోతే మొదటి అక్షరం దగ్గరే వచ్చే గురువారం అయిపోతుంది.

మొన్న జరిగినదాంట్లో మీకు తెలియనిది కొంత ఉంది. మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను మూసుకోలేదు. నాకు ఇంకా అలవాటు కాలేదు.

అక్క మధ్యాహ్నమే వచ్చింది. మీ ఉత్తరం చూపించాను. చదివి, "గోడ అవతల నిజంగా మనిషి ఉంటే సరే, లేకపోతే అటునుంచి అటే బస్సెక్కిస్తా" అంది. సంచి చేతిలోనే పట్టుకుని నా వెంట వచ్చింది. ఆ కుర్చీ అప్పుడే అల్లడం పూర్తయింది. పేము నానబెట్టి అల్లుతాం కాబట్టి తడి ఆరేదాకా దాని మీద కూర్చోకూడదు. నెత్తిన పెట్టుకుని తెచ్చి గోడ పక్కన వేశాను. దీని మీద ఎవరూ కూర్చోవద్దని చేత్తో సైగ చేశాను. మీరు తలూపారు. మీరు చూపించగా అక్క ముసలమ్మ కుర్చీలో కూర్చుంది, నేను డ్రైవరన్న కుర్చీలో. మీరు మమ్మల్ని లెక్కపెట్టుకోవడం చూశాను. ముగ్గురం అయ్యాక మీ ముఖం మారిన తీరు నేను చూడలేదనుకోండి.

మీరు ఆ రోజు మీ గొంతుతో మాత్రమే పాడారు. నేను రెండో చరణం దాకా ఆగకుండా మొదటి నుంచీ కలిపాను. అక్కకు పాట రాదు. అయినా ఆ లోతు గొంతు అడుగున ఉంది. మీరు అన్ని గొంతులూ పట్టగలరని రాశారు, నమ్ముతాను. కానీ అది మీరు పాడుతుండగానే వినిపించింది. నేను డ్రైవరన్న కుర్చీ చేతి మీద చెయ్యి పెట్టి చూశాను. అదిరింది.

తర్వాత మీరు, "ఎవరికైనా ఏదైనా బరువుగా ఉందా" అని, అలవాటుగా గోడవైపు తిరిగారు. అప్పుడు నేను లేచాను. చెప్పవలసింది ఒకటే మాట, "ఒంటరిగా ఉంది" అని. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాను. మీరు కళ్ళు మూసుకుని ఓపిగ్గా ఉన్నారు. అప్పుడు నా పక్కనుంచి ఎవరో ఆ మాటను మెల్లగా అందించారు. ఇంతవరకూ నాకు మాట అందించినవాళ్ళందరూ తప్పు మాటే అందించారు. ఇది సరిగ్గా నేను చెప్పదలచుకున్నదే. దాన్ని పట్టుకుని మిగతాదంతా తడబడకుండా చెప్పేశాను. అందించింది అక్క అనుకున్నాను. తిరిగి చూస్తే అక్క నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ప్రయాణం బడలిక.

తర్వాత మీరు పెద్దలు రాలేదని, తాళం ఇంకో వారం మిగిలిందని అనుకుంటూ గది ఊడుస్తున్నారు. పెద్దలు వచ్చారమ్మా. తెల్లమీసాల పెద్దాయన ఒక్కడే వచ్చాడు. ప్రార్థన మధ్యలో ఆపడం ఇష్టం లేక కిటికీ దగ్గర నిలబడి విన్నాడట. నేను బయటికి రాగానే భుజం తట్టి, "ఆవిడకు చెప్పండి, గది ఉంచుకోమని. నలుగురున్నారు, చాలు" అన్నాడు.

నేను మూడు వేళ్ళు చూపించాను.

"నలుగురే. ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. ఆ గోడ పక్కన కూర్చున్నాయన ఎవరండీ, గొంతు భలే ఉంది" అన్నాడు.

నాకు నోరు పెగల్లేదు. ఈసారి నత్తి వల్ల కాదు.

ఆయన వెళ్ళాక మళ్ళీ లోపలికి వచ్చాను. మీరు చీపురు మూల పెడుతున్నారు. గోడ పక్క కుర్చీ మీద చెయ్యి వేసి చూశాను. పేము ఇంకా తడిగానే ఉంది. నడుమ మాత్రం కుంగి ఉంది. పక్కన టీ గ్లాసు ఖాళీగా ఉంది. దాని గురించి అడిగితే, అల్లం వేసి బాగుంది, నేనే తాగానని అక్క చెప్పింది. కాబట్టి గ్లాసు గురించి భయపడనక్కర్లేదు. కుర్చీ గురించి అక్కను అడగలేదు.

నేను మాత్రం ఆ రాత్రి భయపడలేదు. ఎందుకో తెలియదు. వెనక గోడకు వీపు ఆనించి కూర్చుని అన్నం తిన్నాను.

అక్క నిన్న బస్సెక్కింది, ఒక్కతే. సుత్తీ పేమూ ఇక్కడే ఉన్నాయి. బోర్డు తీయలేదు. కింద ఒక ముక్క రాశాను, "గురువారం తట్టవచ్చు" అని.

ఇట్లు,
మీ అన్న

తా.క.: ఆ కుర్చీ మళ్ళీ పంపండి. మామూలు పేము ఆగదు, లావుది తెప్పించి రెండు పేటలుగా అల్లుతాను. మనిషి బరువైనవాడు, వెళ్ళిపోయే రకంలా కూడా లేడు.